ఎవరిదీ కాని మిగులు

వంద పౌండ్లు ఒక ఖాతాలో వేసి, వడ్డీ ఎంతో చూసుకోకుండా, తీసి వాడుకోకుండా ఏళ్ళకేళ్ళు అలాగే ఉంచేసిన వాళ్ళను యార్క్‌షైర్‌లో చాలామందిని చూశాను. వాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు, మన తెలుగు డాక్టర్ల కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఖాతా ఉండేది బ్యాంకులో కాదు, బిల్డింగ్ సొసైటీలో. ఇల్లు కొనుక్కునేవాళ్ళకు అప్పులివ్వడం కోసం పొదుపు చేసుకునేవాళ్ళే సభ్యులుగా ఏర్పడిన సంఘం అది. ఏదో ఒకనాడు ఆ సంఘం కంపెనీగా మారుతుందనీ, మారేటప్పుడు సభ్యులకు ఉచితంగా వాటాలో నగదో పంచుతుందనీ, ఆ పంపకం నాటికి పుస్తకంలో తమ పేరు ఉంటే చాలనీ వాళ్ళ ఆశ. వచ్చే ఆ సొమ్మును అందరూ విండ్‌ఫాల్ అనేవాళ్ళు. 1990ల చివర ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పప్పు వడ్డించేలోపు ఆ మాట వచ్చేది.

అదంతా దురాశ అని తేల్చేసిన వ్యాసాలు అప్పటి ఇంగ్లీషు పత్రికల్లో చాలా చదివాను. నాకు అది అంత సులువుగా తేలే విషయం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. అందులో నన్ను ఆలోచనలో పడేసిన సంగతి వేరే ఉంది. ఖాతా మూస్తే ఆశ పోతుంది కాబట్టి వీళ్ళు మూసేవాళ్ళు కారు. పక్క బ్యాంకు ఎక్కువ వడ్డీ ఇస్తానన్నా కదిలేవాళ్ళు కారు. ఊరు మారినా పాస్‌బుక్కు వెంట తీసుకెళ్ళేవాళ్ళు. సంఘం ముగిసిపోవాలని కోరుకున్నవాళ్ళే దాన్ని అందరికంటే గట్టిగా అంటిపెట్టుకుని ఉన్నారు. వాళ్ళు దేనికోసం ఎదురుచూశారు? వచ్చే ఆ డబ్బు ఎక్కడిది? ఎవరు పెట్టింది?

దీనికి జవాబు కోసం 1775కు వెళ్ళాలి. బర్మింగ్‌హామ్‌లో స్నో హిల్ దగ్గర గోల్డెన్ క్రాస్ అనే సత్రం ఉండేది. దాని యజమాని రిచర్డ్ కెట్లీ. మనకు తెలిసిన మొదటి బిల్డింగ్ సొసైటీ ఆయన సత్రంలోనే పుట్టింది. చీటీ వేసిన అనుభవం ఉన్న తెలుగువాళ్ళకు దాని పద్ధతి రెండు మాటల్లో అర్థమవుతుంది. కొంతమంది చేరి నెలనెలా ఇంతని కడతారు. ఒక ఇంటికి సరిపడా పోగైతే ఎవరికి ఇల్లో చీటీ తీసి తేలుస్తారు. ఇల్లు వచ్చినవాళ్ళు కూడా చివరిదాకా కడుతూనే ఉంటారు. ఆఖరి సభ్యుడికి ఇల్లు అమరగానే సంఘం రద్దయిపోతుంది. పెట్టినవాడూ పొందినవాడూ ఒకడే, లెక్క తేలిపోయింది, ఇక మిగిలిందేమీ లేదు. ఇలాంటి సంఘాల్లో విండ్‌ఫాల్ అనే ప్రశ్నే పుట్టదు.

పందొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఇందులో పెద్ద మార్పు వచ్చింది. ఇల్లు అక్కర్లేకపోయినా పొదుపు చేసుకోవాలనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ డబ్బు తీసుకుని వడ్డీ ఇస్తూ, ఇల్లు కావలసినవాళ్ళకు అప్పిస్తూ, ఎవరు వచ్చినా ఎవరు వెళ్ళినా సంఘం మాత్రం ఎప్పటికీ నడిచేలా కట్టుకున్నారు. పేర్లలోనే శాశ్వతం అన్న అర్థమిచ్చే పర్మనెంట్ అనే మాట చేర్చుకున్నారు. లీడ్స్ పర్మనెంట్ 1848లో పుట్టింది. హాలిఫాక్స్ పర్మనెంట్ 1853లో, ఓల్డ్ కాక్ అనే సత్రం మేడ గదిలో జరిగిన సమావేశాల నుంచి పుట్టింది. మా ఇంటి నుంచి బస్సులో పోయి రాగలిగినంత దూరంలో ఇలా పుట్టిన సంఘాలు ఎన్నో. ఉన్ని మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, చిన్న దుకాణదారులు, చర్చి పెద్దలు కలిసి కట్టుకున్నవి. వీటిలో కొన్నింటి వెనక రాజకీయం కూడా ఉంది. ఏడాదికి నలభై షిల్లింగుల విలువ చేసే సొంత భూమి ఉన్న మగవాడికి ఆ రోజుల్లో కౌంటీలో ఓటు ఉండేది. మామూలు మనిషికి భూమి ఇప్పిస్తే ఓటూ వస్తుందని రిచర్డ్ కాబ్డెన్ వంటి ఉదారవాదులు 1849లో నేషనల్ అనే సంఘం పెట్టారు. అబ్బే నేషనల్ పేరులో రెండో సగం దాని నుంచి వచ్చిందే.

శాశ్వతంగా ఉండాలంటే నిల్వ కావాలి. అప్పు ఎగ్గొట్టేవాళ్ళుంటారు, ఇళ్ళ ధరలు పడిపోయే ఏళ్ళుంటాయి. కంపెనీకైతే వాటాదారుల మూలధనం ఉంటుంది, చాలకపోతే కొత్త వాటాలు అమ్ముకుంటుంది. సంఘానికి ఆ దారి లేదు. ఏటా వడ్డీల తేడాలో మిగిలిన కాస్తను పంచకుండా పక్కన పెట్టుకోవాల్సిందే. పొదుపు చేసినవాడికి ఇచ్చే వడ్డీలో అణా తగ్గించి, అప్పు తీసుకున్నవాడి దగ్గర అణా ఎక్కువ తీసుకుని, ఆ రెండు అణాలూ పక్కన వేశారు. ఇది నూట నలభై ఏళ్ళు జరిగింది. రెండు యుద్ధాలు, ఒక మహా మాంద్యం, మిల్లుల మూత, ఇవన్నీ దాటి ఆ నిల్వ పెరిగింది. దాన్ని పెట్టినవాళ్ళలో చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్ళు ఖాతాలు మూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు తాము వేసిన అసలు, వడ్డీ పట్టుకెళ్ళారే గానీ ఆ మిగులులో వాటా అడగలేదు. అడగాలని వాళ్ళకు తోచను కూడా లేదు. తమకు ఇల్లు వచ్చింది వెనకటివాళ్ళు వదిలిన మిగులు వల్లే కనుక, తామూ కొంత వదిలి వెళ్ళడం సంఘం నడిచే తీరులోనే ఉంది.

మావాళ్ళు ఎదురుచూసింది ఆ మిగులు కోసం.

దాన్ని పంచుకునే దారి తెరిచింది 1986 నాటి బిల్డింగ్ సొసైటీల చట్టం. సభ్యులు ఓటు వేసి సంఘాన్ని కంపెనీగా మార్చుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. పొదుపు సభ్యుల ఓట్లలో నూటికి డెబ్బై అయిదు అనుకూలంగా పడాలి. మొదట మారింది అబ్బే నేషనల్, 1989 జులైలో. దాదాపు యాభై అయిదు లక్షల మంది సభ్యులకు తలా వంద వాటాలు ఉచితంగా ఇచ్చారు. ఒక్కో వాటా ధర 130 పెన్నీలు. పెద్ద మొత్తం కాదు. అయినా ఊరికే వచ్చిన నూట ముప్ఫై పౌండ్లు జనం మనసులో పడిపోయాయి. ఆ తర్వాత 1995లో చెల్టెన్‌హామ్ అండ్ గ్లాస్టర్ సంఘాన్ని లాయిడ్స్ బ్యాంకు 180 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. అలా బ్యాంకు కొనేటప్పుడు, సభ్యత్వానికి రెండేళ్ళు నిండనివాళ్ళకు నగదు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు చెప్పింది. కానీ సంఘం తానే కంపెనీగా మారితే ఈ రెండేళ్ళ అడ్డం లేదు. ఆ ఒక్క తేడాతో దేశమంతా పరుగు మొదలైంది. తర్వాత ఏది మారుతుందో ఊహించి, వరసగా ఖాతాలు తెరిచే పరుగు.

1997లో నెలల తేడాతో నాలుగు పెద్ద సంఘాలు మారాయి. ఏప్రిల్‌లో అలయన్స్ అండ్ లెస్టర్, జూన్‌లో హాలిఫాక్స్, జులైలో వూలిచ్, అక్టోబరులో నార్తర్న్ రాక్. హాలిఫాక్స్ ఒక్కటే డెబ్బై అయిదు లక్షల మందిని వాటాదారుల్ని చేసింది. తక్కువలో తక్కువ రెండు వందల వాటాలు, మొదటిరోజు ధరకు పధ్నాలుగు వందల పౌండ్లకు పైమాటే. నార్తర్న్ రాక్ అయిదు వందల వాటాలు ఇచ్చింది, అవి రెండు వేలు దాటాయి. ఆసుపత్రిలో వార్డులు ఊడ్చే మనిషికి అది రెండు మూడు నెలల జీతం. ఆ డబ్బుతో ఎవరు ఏం చేశారో నాకు తెలుసు. పాత బాయిలరు మార్చి ఆ చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచుకున్నవాళ్ళున్నారు, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కినవాళ్ళున్నారు. మా స్నేహితులొకరు తెనాలిలో తల్లికి కంటి ఆపరేషన్ చేయించారు. ఈ సంతోషాలను తక్కువ చేసి రాయడానికి నాకు చెయ్యి రాదు. దురాశ అని రాసిన ఆ వ్యాసకర్తల్లో ఎంతమందికి బాయిలరు మార్చుకోలేని చలికాలం తెలుసో!

ఆ రోజుల్లో నాకంటే పదేళ్ళు పెద్దావిడ, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ డాక్టరుగారి భార్య, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మాయ్, నీ పేరు మీద విడిగా ఒక పుస్తకం తెరువు. వంద వేసి మర్చిపో. ఆయన పేరు ముందుండే ఖాతాతో నీకు ఒరిగేదేం లేదు."

"ఇద్దరి పేర్లూ ఉన్నాయిగా అక్కయ్యగారూ?" అన్నాను.

"ఉంటే? ముందు పేరు ఎవరిదైతే వాళ్ళే లెక్క."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఉమ్మడి ఖాతాకు ఒక్క పంపకమే, అదీ మొదటి పేరున్న మనిషికే. మన ఇళ్ళల్లోనే కాదు, ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళల్లోనూ మొదటి పేరు భర్తదే. ఇంటి ఖర్చుల్లోంచి పొదుపు చేసి పుస్తకం నింపింది భార్య అయినా సరే. భర్త చనిపోయి రెండో పేరు మాత్రమే మిగిలిన ఆడవాళ్ళకు అన్యాయం జరగకుండా 1995లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చిన్న చట్టం చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది, రెండేళ్ళలో మా ఎరుకలో ఎంతోమంది తెలుగు గృహిణులు సొంత పేరున మొట్టమొదటి ఖాతా తెరిచారు. ఫారం నింపారు, సంతకం పెట్టారు, కౌంటరు దగ్గర తమ పేరు తామే చెప్పుకున్నారు. ఊరికే వచ్చే సొమ్ము మీద ఆశ ఇంత మంచి పని చేస్తుందని ఏ ఆర్థికవేత్తా లెక్కవేసి ఉండడు. నేనూ అలాగే తెరిచాను, ఇంటికి దగ్గర్లోని ఒక చిన్న సొసైటీలో. ఆ ఖాతా ఇప్పటికీ ఉంది.

సంఘాలు కూడా ఊరుకోలేదు. వంద పౌండ్లతో దూరపు ఊళ్ళ నుంచి రైలెక్కి వచ్చే వాళ్ళను పత్రికలు కార్పెట్‌బ్యాగర్లు అనేవి. వాళ్ళను ఆపడానికి కొన్ని సంఘాలు కనీస మొత్తాన్ని వెయ్యికి, అంతకు మించీ పెంచాయి. కొన్ని చుట్టుపక్కల నివాసం ఉన్నవాళ్ళకే ఖాతా ఇస్తామన్నాయి. అన్నిటికంటే పదునైన పని చేసింది నేషన్‌వైడ్. 1997 నవంబరు నుంచి చేరే కొత్త సభ్యులు, సంఘం ఎప్పుడైనా కంపెనీగా మారితే తమకు వచ్చే విండ్‌ఫాల్‌ను ధర్మ సంస్థకు రాసిస్తున్నామని ముందే సంతకం చేయాలన్నది. చాలా సంఘాలు ఆ దారిలోనే నడిచాయి. నా ఖాతా కాగితాల్లోనూ ఆ షరతు ఉంది. చదివే సంతకం పెట్టాను. దానివల్ల నాకు పోయింది ఏమీ లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అయితే ఆ గోడ కొత్తవాళ్ళకే, పాతవాళ్ళకు లేదు. 1998లో నేషన్‌వైడ్ సభ్యుల ముందుకు కంపెనీగా మారాలన్న తీర్మానం వచ్చింది. ఇరవై లక్షలకు పైగా ఓట్లు పడితే తేడా నలభై వేలు కూడా లేదు. ఆ వెంట్రుకవాసితోనే అది సంఘంగా మిగిలింది. మరుసటి ఏడాది మా పక్క ఊళ్ళ సంఘం బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీలో వేరేలా జరిగింది. ఉత్తర ఐర్లండుకు చెందిన ఒక ప్లంబరు తీర్మానం పెట్టాడు. పాలకవర్గం వద్దంది. సభ్యులు సరేనన్నారు. 2000 డిసెంబరులో అదీ కంపెనీ అయింది.

పంచితే తప్పేమిటని వాదించేవాళ్ళ మాట నేను శ్రద్ధగానే విన్నాను. చనిపోయినవాళ్ళకు ఆస్తి హక్కు ఉండదు కదా అంటారు. చట్టం ప్రకారం సంఘం నేటి సభ్యులదే కదా అంటారు. సభ్యుల పేరు చెప్పుకుని పాలకవర్గాలు ఎవరికీ జవాబు చెప్పకుండా హాయిగా కూర్చుంటున్నాయి, దానికంటే వాటాదారుల ఒత్తిడి మేలు అంటారు. ఈ మూడో మాటలో నిజం చాలా ఉంది. ఏడాదికోసారి కవరులో వచ్చే ఓటు కాగితం విప్పకుండానే చెత్తబుట్టలో వేసే సభ్యులుంటే పాలకవర్గం ఇంకెలా ఉంటుంది?

మొదటి రెండు మాటలతో మాత్రం నాకు పేచీ ఉంది. చట్టం ప్రకారం నేటి సభ్యులదే, కాదనను. కానీ నేటి సభ్యుడు ఎవరు? ముప్ఫై ఏళ్ళు పొదుపు చేసి, భర్తను వృద్ధాశ్రమంలో చేర్చడానికి పంపకానికి ముందు ఏడాదే ఖాతా ఖాళీ చేసుకున్న ముసలమ్మ కాదు. గడువు తేదీకి ముందు వారం వంద వేసిన మనిషి. అతడు మోసం చేయలేదు, నియమం ప్రకారమే నడిచాడు. ఇందులో తేడా మనుషుల గుణంలో లేదు. పంచడం అనే పనిలోనే ఉంది. ఆ మిగులుకు న్యాయమైన వాటాదారుల జాబితా రాయడం ఎవరి తరమూ కాదు. పెట్టినవాళ్ళు లేరు. ఎవరి కోసం పెట్టారో వాళ్ళు ఇంకా రాలేదు. మధ్యలో ఆ రోజుకు లోపల ఉన్నవాళ్ళం మనం. ఎవరిదీ కాకుండా ఉండడమే ఆ సొమ్ముకున్న బలం. యజమాని లేడు కాబట్టి దాని మీద ఎవరికీ డివిడెండు కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదు కాబట్టి పొదుపు చేసేవాడికి కాస్త ఎక్కువ, అప్పు తీసుకునేవాడికి కాస్త తక్కువ వడ్డీ సాధ్యమయ్యాయి. కంపెనీగా మారిన రోజు ఆ నిల్వ ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. దానికి యజమానులు వచ్చారు. ఏటా తమకెంతని అడిగే యజమానులు. జనం అందుకున్న వాటా పత్రం, అలా అడిగే హక్కు కాగితమే. చాలామంది దాన్ని వెంటనే అమ్మేసుకున్నారు కాబట్టి, ఆ అడిగేవాళ్ళు కొద్ది రోజుల్లోనే పెద్ద పెద్ద పెట్టుబడి సంస్థలయ్యారు.

తర్వాత జరిగింది లోకానికంతా తెలుసు, అయినా వరసగా చెప్పుకోవాలి. వూలిచ్‌ను 2000లో బార్‌క్లేస్ కొంది. హాలిఫాక్స్ 2001లో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌తో కలిసింది, ఆ కలిసినది కాస్తా 2009లో లాయిడ్స్ చేతిలో పడింది. అబ్బే నేషనల్‌ను 2004లో, అలయన్స్ అండ్ లెస్టర్‌ను 2008లో స్పెయిన్ బ్యాంకు సాంటాండేర్ తీసుకుంది. బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీని 2008 సెప్టెంబరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. నార్తర్న్ రాక్ ముందు 2007 సెప్టెంబరులో జనం బారులు తీరి నిలబడ్డ దృశ్యం టీవీలో చూస్తూ మా ఇంట్లో ఆ పూట ఎవరం అన్నం ముట్టలేదు. బ్రిటన్‌లో బ్యాంకు ముందు అలాంటి బారులు అంతకుముందు 1866లో ఓవరెండ్ గర్నీ కూలినప్పటి మాట. కంపెనీగా మారిన సంఘాల్లో ఒక్కటి కూడా స్వతంత్ర బ్యాంకుగా మిగల్లేదు.

నార్తర్న్ రాక్ కథలో ఒక లెక్క మాత్రం ఆగి చూడాలి. బిల్డింగ్ సొసైటీ తాను సమకూర్చుకునే డబ్బులో కనీసం సగం సభ్యుల పొదుపు నుంచే తేవాలని చట్టం. అంటే పొదుపు ఎంత ఉంటే అప్పు అంతకు తగ్గట్టే పెరుగుతుంది. కంపెనీ అయ్యాక ఆ కట్టడి పోయింది. కూలిపోయే నాటికి నార్తర్న్ రాక్ నిధుల్లో మామూలు జనం దాచుకున్నది నాలుగో వంతు కూడా లేదు. మిగతాదంతా మార్కెట్ల నుంచి తెచ్చినది. 2007 ఆగస్టులో ఆ మార్కెట్లు బిగుసుకుపోగానే ఊపిరి ఆగింది. 2007 మొదట్లో పన్నెండు పౌండ్ల దాకా పలికిన వాటా 2008 ఫిబ్రవరిలో జాతీయం చేసేసరికి సున్నా. పరిహారం పైసా లేదు. 1997లో వచ్చిన అయిదు వందల వాటాలనూ అమ్మకుండా పిల్లల కోసం దాచిన ముసలివాళ్ళు న్యూకాజిల్ చుట్టుపక్కల వేల మంది. వాళ్ళకు అది వాటా కాదు, తమ ఊరి సంస్థలో తమ చోటు. వెంటనే అమ్మేసినవాళ్ళు బాగుపడ్డారు, నమ్మి ఉంచుకున్నవాళ్ళు పోగొట్టుకున్నారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

సంఘాలుగా మిగిలినవన్నీ బాగున్నాయనడం అబద్ధమవుతుంది. 2008లో డెర్బీషైర్, చెషైర్ సంఘాలు కష్టంలో పడి నేషన్‌వైడ్‌లో కలిశాయి. 2009లో స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్ కూలింది. అయినా పడిన సంఘాన్ని మరో సంఘం ఎత్తుకోగలిగిందంటే, ఆ ఎత్తుకున్న సంఘంలో ఎవరూ పంచుకోకుండా ఉంచిన నిల్వ ఉండబట్టే. 1998లో ఆ నలభై వేల లోపు ఓట్లు అటు పడి ఉంటే ఎత్తుకునే చెయ్యి ఉండేది కాదేమో.

హాలిఫాక్స్, లీడ్స్ పర్మనెంట్ కలిసి కంపెనీ అయ్యే దారిలో మొదటి అడుగు వేసిన 1995లోనే, మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘం రిజిస్ట్రారు పెత్తనం లేకుండా తన నియమాలు తాను రాసుకోవచ్చని చెప్పిన చట్టం. ఇక్కడ సభ్యుల సంస్థలు సభ్యుల చేతుల్లోంచి జారుతుంటే, అక్కడ ప్రభుత్వం చేతుల్లోంచి సభ్యుల చేతుల్లోకి వచ్చాయి. సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు ముల్కనూరు చూసి వచ్చాను. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో మొదలైన సహకార సంఘం, తర్వాత దాని పక్కనే ఆడవాళ్ళు సొంతంగా నడుపుకుంటున్న పాల డెయిరీ. అక్కడ ఒక రైతును అడిగాను, మిగులంతా పంచేసుకుంటే ఏమవుతుందని. "పంచుకుంటే ఈ ఏడు మంచిగనే ఉంటది. వచ్చే ఏడు ఎరువుకు ఎవలింటికి పోవాలె?" అన్నాడు.

విండ్‌ఫాల్ ఆశ మాత్రం ఇంగ్లండులో పూర్తిగా చావలేదు. 1900లో రెండు వేలకు పైగా ఉన్న బిల్డింగ్ సొసైటీలు ఇప్పుడు నలభైకి అటూ ఇటూ. ఏ రెండు కలుస్తాయన్నా పాత పాస్‌బుక్కులు బయటికి వస్తాయి. 2007లో పోర్ట్‌మన్ సంఘం నేషన్‌వైడ్‌లో కలిసినప్పుడు దాని సభ్యులకు రెండు వందల పౌండ్లు, కొందరికి ఇంకాస్త ఎక్కువ వచ్చాయి. నేషన్‌వైడ్ ఈ మధ్య లాభాల్లోంచి సభ్యులకు కొంత ఇస్తోంది. 2023లో ముప్ఫై నాలుగు లక్షల మందికి తలా వంద, వర్జిన్ మనీని కొన్న తర్వాత 2025లో కోటి ఇరవై లక్షల మందికి పైగా తలా యాభై. ఇది సంఘాన్ని కోసి పంచడం కాదు, సంఘంగా ఉంటూనే ఆ ఏటి మిగుల్లోంచి ఇవ్వడం. నాకు ఇది నచ్చింది. నచ్చనిది ఒకటుంది. వర్జిన్ మనీని 290 కోట్ల పౌండ్లు పెట్టి కొనే ముందు సభ్యుల ఓటు అడగలేదు. చట్టం అడగమనలేదు కాబట్టి అడగలేదు. యాభై పౌండ్లు చేతికి వచ్చిన సంతోషంలో ఆ అడగకపోవడాన్ని చాలామంది మర్చిపోయారు. సభ్యుడంటే పంపకం రోజున లెక్కకు వచ్చేవాడే అనుకోవడం ఇరవై అయిదేళ్ళుగా అలవాటైపోయింది. పంపకం జరగని మిగతా రోజుల్లో సభ్యుడికి ఏం పని అన్నది ఎవరూ నేర్పలేదు.

నా చిన్న సొసైటీలో నా వంద పౌండ్లు తర్వాత పెరిగాయి. జీతంలో మిగిలినది అక్కడే వేస్తూ వచ్చాను. ఆ మొదటి వంద అలాగే ఉంచి ఉంటే, వడ్డీ లెక్కలోకి తీసుకోకపోతే, ఇవాళ దాని కొనుగోలు శక్తి దాదాపు సగానికి పడిపోయి ఉండేది. ఏ బ్యాంకూ దాన్ని కొనలేదు, విండ్‌ఫాల్ ఏమీ రాలేదు. వార్షిక నివేదిక వచ్చినప్పుడు నేను మొదట చూసేది నిల్వ అంకె. ఏటా కొంచెం పెరుగుతుంది. ఆ పెరిగినదాంట్లో నాది ఎంతో తేల్చలేను. పొదుపు సభ్యురాలిగా నాకు రావలసిన వడ్డీలో కొంత అందులో ఉందని మాత్రం తెలుసు. నాకు ఇష్టమయ్యే ఉంచాను. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఈ దేశంలో మాకు చరిత్ర లేదని బ్యాంకులు అప్పు ఇవ్వనప్పుడు, ఒక సొసైటీ మేనేజరు ఆసుపత్రి ఉత్తరం ఒక్కటి చూసి ఇల్లు కొనుక్కోవడానికి అప్పిచ్చాడు. ఆయన ఇచ్చిన డబ్బు ఎవరు వదిలి వెళ్ళిన మిగులో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఇప్పుడు ఈ ఊరికి కొత్త తెలుగువాళ్ళు వస్తున్నారు. వృద్ధాశ్రమాల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు, నర్సులు, టాక్సీ నడుపుతూ చదువుకునేవాళ్ళు. వీసా గడువు మూడేళ్ళే ఉందనో, జీతం నెలనెలా ఒకేలా లేదనో వీళ్ళ దరఖాస్తులు కంప్యూటరు దగ్గరే ఆగిపోతున్నాయి. చిన్న సొసైటీల్లో కొన్నింట్లో ఇప్పటికీ మనిషే కూర్చుని దరఖాస్తు చదువుతాడు. మా సొసైటీ వార్షిక సమావేశం ఏప్రిల్‌లో. సభ్యులు ముందుగా ప్రశ్నలు పంపవచ్చు. ఈసారి నేను పంపింది ఇది: బ్రిటన్‌లో అయిదేళ్ళ లోపు నివాసం ఉన్నవాళ్ళ నుంచి నిరుడు ఎన్ని ఇంటి అప్పుల దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటిని మనిషి చదివాడు, ఎంతమందికి అప్పు ఇచ్చారు, ఇవ్వనివాళ్ళకు కారణం ఏమని చెప్పారు?